కచ్చాకుట్టు చొక్కా

ఆమె మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. దాంతో ఆమె కొలవగా మాత్రం ఎవరూ చూడలేదు. వచ్చిన మనిషి గుమ్మంలో చెప్పులు విడిచేలోగా ఛాతీ, భుజం, చేతి పొడవు ఆమె కంట్లో పడిపోతాయి. అందుకే వీధంతా ఆమెను టేపమ్మ అంటారు.

“మరి ఆ టేపెందుకు వదినా, నగలాగా?” అని ఆడపడుచు దెప్పితే, “అది లేకపోతే వచ్చినవాళ్లకి నమ్మకం కుదరదే” అని నవ్వేది. ఓడ ఆగిపోకముందు మాట అది.

టేపమ్మ భర్త సరుకుల ఓడలో ఇంజను మనిషి. తొమ్మిది నెలలు నీళ్లమీద, మూడు నెలలు ఇంట్లో. పెళ్లయి పంతొమ్మిదేళ్లయినా కలిసి ఉన్న రోజులన్నీ ఒకచోట పోగేస్తే అయిదేళ్లు నిండవు. ఆయన బయల్దేరిన రోజే ఆమె ఒక చొక్కా గుడ్డ కత్తిరిస్తుంది. కచ్చాకుట్టు వేసి, అంటే తెల్లదారంతో పొడుగు పొడుగు కుట్లతో ముక్కలన్నీ పైపైన కలిపి, మిషను పక్కన కొక్కేనికి తగిలిస్తుంది. ఆయన వచ్చి ఒంటిమీద వేసుకుని చూశాకే మిషను కుట్టు. ఈ అలవాటు ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు.

“మొత్తం కుట్టేశావంటే, వీడికి ఇంటిదగ్గర ఇంకేం పనిలే అని సముద్రం ఉంచేసుకుంటుందే” అని ఆయన వేళాకోళం. ఆమె నవ్వి ఊరుకునేది. కానీ ఏ చొక్కానూ ముందుగా మిషనెక్కించలేదు.

ఈసారి గుడ్డ లేత నీలం. పదమూడు నెలలుగా కొక్కేనికే ఉంది. భుజాలమీద దుమ్ము పడితే టేపమ్మ దులిపి, మళ్లీ అక్కడే తగిలిస్తోంది.

ఎక్కడో రెండు దేశాలు కొట్టుకున్నాయి. వాటి మధ్య ఇరుకు సముద్రపు దారి. ఓడ అందులోకి వెళ్లిన వారానికి ఆ దారి మూసేశారు. ముందుకెళ్తే బాంబులు, వెనక్కి రానివ్వరు. ఒడ్డున తిరిగే కార్లు కూడా కనబడతాయట, దిగడానికి మాత్రం వీల్లేదట. ఓడమీద జెండా ఒక దేశానిది, యజమాని మరో దేశంవాడు, పనిచేసేవాళ్లు ఇంకో దేశంవాళ్లు. జెండా దేశం యజమానిని అడగమంది. యజమాని ఫోనెత్తడం మానేశాడు. ఒడ్డు దేశం, యుద్ధం ముగియనివ్వండి చూద్దాం అంది. పెద్ద దేశాలు తమవాళ్లను విమానాల్లో తీసుకుపోయి, ఆ తర్వాత తీవ్ర ఆందోళన వ్యక్తం చేశాయి.

టీవీలో ఆ మాట వినబడితే చాలు, ఆడపడుచుకి ఒళ్లు మండేది. “వాళ్లకేం పోయింది వదినా ఆందోళన పడటానికి? ఎలా పడాలో మనింటికొచ్చి నేర్చుకోమను. గుండీ కుట్టబోయి వేలు కుట్టుకుంటున్నాను నేను.”

యుద్ధం చప్పుడు చెయ్యకుండా వీధిలోకీ వచ్చింది. ఏ రంగు దారం అడిగినా కొట్టువాడు “ఓడ రాలేదమ్మా” అంటున్నాడు. ఆ మాట అన్నాక ఎవరితో అన్నాడో గుర్తొచ్చి నాలిక కరుచుకుంటున్నాడు. కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్లు తగ్గి, అరిగిన కాలర్లు తిప్పించుకునేవాళ్లు ఎక్కువయ్యారు.

సోమవారం సోమవారం వదినా ఆడపడుచులు బస్సెక్కి విదేశీ వ్యవహారాల కార్యాలయానికి వెళ్లేవారు. రెండో అంతస్తు, కాలు విరిగిన బల్ల, ఒకవైపే తిరిగే ఫ్యాను. మొదటిసారి వెళ్లినప్పుడు గుమాస్తా ఒక ఫారం ఇచ్చాడు. టేపమ్మ చదువు అయిదో తరగతి. ‘గుర్తింపు చిహ్నాలు’ అన్నచోట ఆగి, బాగా ఆలోచించి, ఒక్కొక్క అక్షరం దిద్దినట్టు రాసింది: ఛాతీ నలభై, మెడ పదహారు, భుజం పద్దెనిమిది, కుడిచెయ్యి ఎడమచేతికన్నా అరంగుళం పొడవు.

గుమాస్తా కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. “పుట్టుమచ్చలు రాయాలమ్మా.”

“మచ్చలు అందరికీ ఉంటాయి బాబూ. ఈ కొలతలు ఆయనొక్కరివే.”

అతను ఏమనుకున్నాడో ఏమో, కొట్టెయ్యకుండా ముద్ర వేసి లోపల పెట్టాడు.

మొన్న సోమవారం వీళ్లింకా మెట్లెక్కుతుండగానే అతను ఎదురొచ్చాడు. ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకున్నాయట. ఓడలో ఉన్న ఇరవై ఒక్కమందిలో పద్నాలుగుమందిని దించడానికి ఒడ్డు దేశం ఒప్పుకుందట. ఆడపడుచు వదిన చెయ్యి గట్టిగా పట్టుకుంది. గుమాస్తా బల్ల దగ్గర కూర్చుని పేర్లు చదివాడు. చదివి, కాగితం బోర్లించాడు.

“ఇంకోసారి చదువు బాబూ” అంది టేపమ్మ.

అతను మళ్లీ చదివాడు, నెమ్మదిగా. పద్నాలుగూ అయిపోయాయి.

“ఓడని ఖాళీగా వదలకూడదటమ్మా. ఇంజను ఆగితే ఉన్నవాళ్లకి తాగడానికి నీళ్లు కూడా రావు. మీ ఆయన మంచి పనివాడని కెప్టెనే రాశాడు.”

“అయితే పనికిమాలినవాడై ఉంటే ఈపాటికి ఇంట్లో ఉండేవాడన్నమాట!” అంది ఆడపడుచు. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గుమాస్తా ఫోను తీశాడు. ఓడవాళ్లు పంపిన వీడియో. డెక్కుమీద మనుషులు వరసగా నిలబడి ఒక్కో మాట చెబుతున్నారు. ఆయన వంతొచ్చింది. “నేను బాగానే ఉన్నానే. తిండికి లోటు లేదు. దిగులు పెట్టుకోకు.” అంతే, పక్కవాడు.

“మళ్లీ పెట్టు. మాట వద్దు, బొమ్మ చాలు.”

రెండోసారి ఆమె ఆయన మొహం చూడలేదు. మెడకీ కాలరుకీ మధ్య రెండు వేళ్లు దూరేంత ఖాళీ. భుజం కుట్టు జారి చేతిమీదికి దిగింది. ఆ చొక్కా తను కుట్టిందే, నిరుడు ఒంటికి అంటినట్టు ఉన్నదే.

“ఆ ఫారం ఒకసారి ఇవ్వు బాబూ.”

“ఎందుకమ్మా?”

“గుర్తులు మారాయి, దిద్దాలి. రేపు దించేటప్పుడు ఈయన కాదని వదిలేస్తే?”

గుమాస్తా ఫారం వెతికి, తన పెన్నే ఇచ్చాడు. ఆమె మెడ పదహారు కొట్టేసి పద్నాలుగున్నర అని రాసింది. ఛాతీ నలభై కొట్టేసి ముప్ఫై ఆరు. కుడిచెయ్యి దగ్గర ఆగింది. అది మారలేదు.

ఇంటికొచ్చి కొక్కెం మీదనుంచి నీలం చొక్కా దించింది. కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని తెల్లదారం కుట్లు ఒక్కొక్కటే విప్పింది. ఆడపడుచు ఎదురుగా కూర్చుని, విప్పిన దారం వేలికి చుట్టుకుంటూ ఉంది. కొత్త కొలతకి ముక్కలు కలిపాక పక్కల్లో రెండేసి అంగుళాల గుడ్డ ఎక్కువ మిగిలింది.

ఆడపడుచు కత్తెర అందించబోయింది. “ఇంత గుడ్డ లోపల మడిస్తే ఒరుసుకుంటుంది వదినా. కత్తిరించెయ్యి.”

“ఉండనీ.” టేపమ్మ ఆ గుడ్డ లోపలికి మడిచి, దారం సూదికి ఎక్కించింది. “ఇంటికొచ్చి రెండునెలలు తింటే, విప్పి వదులు చెయ్యొద్దూ?”