తాడు పట్టినవాడి వాటా

ఆఫీసు వాళ్ళందరం తెరచాప ఓడ ఎక్కుదామని అనుకున్నప్పుడు, ఇంటి నుంచి ఒక్కరిని తెచ్చుకోవచ్చని కూడా అన్నారు. పాతకాలపు ఓడకు అచ్చుగుద్దినట్టు కొత్తగా కట్టిన నమూనా అది. గోపాల్‌పూర్‌లో పొద్దున ఎక్కించుకుని, సముద్రం మీద తిప్పి, సాయంత్రానికి దింపేస్తుంది. మా ఆయనకు సెలవు దొరకలేదు. సోనేపూర్‌లో ఉన్న మా మావకి ఈ సంగతి ఎలా తెలిసిందో, ఫోన్ చేశాడు.

"తెరసాప తాడు పట్టుకుని ముప్పై ఏళ్ళు దాటిపోనాది తల్లీ. ఇప్పుడన్నీ ఇంజిన్లే. ఒక్కసారి నన్ను కూడా తీసుకెల్తావేటి?"

ఆయన మా అమ్మ తమ్ముడు. నాన్న పోయాక మమ్మల్ని సాకింది ఆయనే. కాదనే మొహం నాకు లేదు. ఒప్పుకున్న మరుక్షణం నుంచి మాత్రం ఒకటే బెంగ, ఏం కట్టుకొస్తాడో, ఏం మాట్లాడతాడో అని. బరంపురంలో ఇన్నేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నా, మాది చేపలు పట్టే కుటుంబమని ఆఫీసులో ఒక్కరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కదా అని సర్దిచెప్పుకునేదాన్ని.

ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, పంచె కట్టుకొచ్చాడు. హమ్మయ్య అనుకున్నాను. ఓడ మెట్ల దగ్గర చెప్పులు విప్పి జెట్టీ మీదే పెట్టి, ఓడను తాకి కళ్ళకద్దుకున్నాడు.

"వేసుకో మావా, అందరూ చూస్తున్నారు," అన్నాను పళ్ళ బిగువున.

"పడవలోకి సెప్పులతోటి ఎలాగెల్తాం?" అని ఎక్కేశాడు.

ఒడ్డు దాటాక, తెరచాప ఎత్తడానికి సాయం పట్టమని ఓడ వాళ్ళు సరదాగా పిలిచారు. మావాళ్ళు తాడు పట్టుకుని, ఫోటోలు దిగి, వదిలేశారు. మావ వదల్లేదు. పంచె ఎగ్గట్టి, మడమలు తన్నిపట్టి, ఊళ్ళో వల లాగేటప్పటి కూత వేస్తూ లాగాడు. ఆ గొంతు అంత పెద్దదని నేనే మర్చిపోయాను. అందరూ నవ్వుతూ వీడియోలు తీశారు. మా మేనేజరు మేడమ్ నా వైపు తిరిగి, ఈయన మీకేమవుతారని ఒడియాలో అడిగింది.

మా ఊరాయన అన్నాను, ఒడియాలోనే.

మావ నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. జీవితమంతా చేపల బేరాలు ఒడియాలోనే చేసిన మనిషి. తాడు మీద ఆయన చేతులు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత మళ్ళీ లాగాడు, ఈసారి కూత లేకుండా. గాలి హోరులో వినబడి ఉండదులే అనుకున్నాను.

సాయంత్రం అందరం దిగాం. వెనక్కి చూస్తే మావ ఇంకా పైనే, తాడు చుట్ట పక్కన నిలబడి ఉన్నాడు. మా ఊళ్ళో ఒడ్డు నుంచి వల లాగేటప్పుడు తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాళ్ళకీ, దారిన పోయేవాళ్ళకైనా సరే, గుప్పెడు చేపలు పెట్టాలి. చిన్నప్పుడు నేను ఊరికే తాడు ముట్టుకుంటే చాలు, మావ అందరికంటే ముందు నా గౌను నిండా పోసేవాడు. ఇప్పుడు ఆ వాటా కోసమే నిలబడ్డాడని అనిపించేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. గబగబా మళ్ళీ ఎక్కాను.

"ఇక్కడ సేపలేవీ పంచరు మావా. నా పరువు తియ్యకు, దిగు."

నా వైపు చూశాడు. కోపమైనా పడి ఉంటే బాగుండేది.

"వాటా కోసరం కాదు తల్లీ. నేను మీ ఊరోడిని గదా. నీతోపాటు దిగితే మల్లీ ఎవులైనా అడుగుతారు. మీవోల్లంతా ఎల్లిపోనీ అని నిలబడ్డాను."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఈయన మా మావ అని అప్పటికప్పుడు గట్టిగా చెప్పాలనిపించింది. ఆఫీసు బస్సు వెళ్ళిపోయింది. జెట్టీ మీద ఆయన చెప్పులు తప్ప ఏమీ లేవు.

సోమవారం ఆఫీసులో చెప్పేస్తానని, ఆయన్ని స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని సోనేపూర్ వెళ్తూ ఒట్టు పెట్టుకున్నాను. సోమవారం వాళ్ళు ఆ వీడియో మళ్ళీ పెట్టుకుని, ఆ కూత విని పడీపడీ నవ్వారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను.