మాగబెట్టే గదిలో మూడు కంప్యూటర్లు

హైదరాబాదులో నేను పనిచేస్తున్న చిన్న కంప్యూటర్ కంపెనీ ఎనభైల చివర్లో ఒక వేసవికి ముందు మూతపడింది. పెట్టె సర్దుకుని నూజివీడు వచ్చేశాను. ఇంట్లో ఎవరూ పెద్దగా బాధపడలేదు. మామిడి కోతలు మొదలవబోతున్నాయి, ఆ సమయంలో ఇంటికి ఇంకో మనిషి రావడం మంచిదేగా అన్నట్టు చూశారు.

మాది ఉమ్మడి కుటుంబం. రోడ్డు వారగా ఒకే ప్రహరీలో ముగ్గురన్నదమ్ముల మూడు వ్యాపారాలు ఉండేవి. పెదనాన్నది మామిడికాయల కమిషన్ వ్యాపారం. మా నాన్నది వెనకాల అంటుమొక్కల నర్సరీ. బాబాయిది రోడ్డు మీదికి ఎరువులు, పురుగుమందుల కొట్టు. వంట మాత్రం ఒకటే, దాని మీద పెత్తనం నానమ్మది. జీపు కూడా ఒకటే. దాని మీద పెత్తనం ఎవరిదో రోజూ పొద్దున్నే తేలాల్సి వచ్చేది.

నేను వచ్చిన వారంలోనే పెదనాన్న బెజవాడ వెళ్లి, అక్కడ ఒక వ్యాపారి గదిలో కంప్యూటర్ చూసి వచ్చారు. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర కూర్చోగానే ప్రకటించారు.

"మనం కూడా ఒకటి కొంటున్నాం."

"మనం అంటే ఎవరన్నయ్యా?" అన్నాడు బాబాయి. "నీ కాటా దగ్గర పెడితే నా కొట్టుకేంటి లాభం?"

మా నాన్న తలెత్తకుండా పప్పు కలుపుకుంటూ, "నర్సరీలో కూడా పనికొస్తుందేమో మరి," అన్నారు.

నానమ్మ గరిటె కింద పెట్టేసింది. "ఒరేయ్, ఆ జీపుతోనే చస్తున్నాం. ఇంకోటి తెచ్చి నా నెత్తిన పెట్టకండి. తెస్తే మూడు తెచ్చుకోండి, లేకపోతే మానేయండి."

మూడు కొనడమంటే ఆ రోజుల్లో మాటలు కాదు. అందరూ నా వైపు చూశారు.

"ఒక్క పెట్టె తెచ్చుకుంటే చాలు," అన్నాను. "దాంట్లోనే మూడు కంప్యూటర్లు చేసి పెడతాను."

"గారడీయా?" అన్నాడు బాబాయి.

గారడీ కాదు. మా కంపెనీలో అప్పట్లో కొత్తగా వచ్చిన 386 చిప్పుతో ఒక పెద్ద మెషీన్ ఉండేది. దాని మీద ఒక సాఫ్ట్‌వేర్ వేస్తే, అది తన మెమొరీని, తన సమయాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ ఒక్కో విడి కంప్యూటర్‌లా నడిపేది. వాటిని వర్చువల్ మెషీన్లు అనేవాళ్లం. ఒక్కోదానికి ఒక టెర్మినల్ తగిలించాలి. టెర్మినల్ అంటే సొంత బుర్ర లేని ఒక తెర, ఒక కీబోర్డు. దాని ముందు కూర్చున్న మనిషికి మాత్రం మెషీనంతా తనదేననిపిస్తుంది. కంపెనీ మూతపడ్డాక సామానంతా అమ్మేస్తున్నారు. ఆ మెషీన్ని నేనే ఏడాదిపాటు చూసుకున్నాను గనక దాని మంచీ చెడూ నాకు తెలుసు.

పెదనాన్న కాయను నొక్కి చూసినట్టు నన్ను ప్రశ్నలతో నొక్కి చూశారు.

"ఒకదానికి జబ్బు చేస్తే మిగతావాటికి అంటుకుంటుందా?"

"అంటుకోదు పెదనాన్నా. దేనికదే విడి."

"మరి పెట్టెకే జబ్బు చేస్తే?"

"మూడూ పడుకుంటాయి."

"ఆ మాట ముందు చెప్పాలి," అన్నారు. కానీ మర్నాడే లారీ మాట్లాడారు.

కంప్యూటర్ వరిగడ్డి పరుపు మీద, దుప్పట్లు కప్పుకుని, హైదరాబాదు నుంచి మా ఇంటికి వచ్చింది. ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి సమస్య. మెషీన్‌కి చల్లదనం కావాలి. ఇంట్లో ఏసీ అన్న మాట కూడా ఎవరూ పలికేవారు కాదు. ఉన్నవాటిలో చల్లని గది ఒక్కటే, ఉత్తరం వైపు మందపు గోడలతో, ఎండ మొహం ఎరగని మామిడికాయలు మాగబెట్టే గది. అది నానమ్మ రాజ్యం. ఇంటికోసం ఉంచుకున్న రసాలు, బంగినపల్లి కాయలు గడ్డిలో వరసలుగా పేర్చి, రోజూ వాసన చూసి ఏది రేపటికి, ఏది ఎల్లుండికి అని ఆవిడే తేల్చేది.

"సగం గది ఇస్తాను," అంది. "కానీ నా కాయల జోలికి రాకూడదు."

గడ్డి దుమ్ము మెషీన్‌లోకి పోకుండా మధ్యలో పాత నేతచీర కట్టాను. అటువైపు మామిడి, ఇటువైపు కంప్యూటర్. కరెంటు ఇష్టం వచ్చినప్పుడు వచ్చి, ఇష్టం లేనప్పుడు పోయేది కాబట్టి స్టెబిలైజరు, దాని పక్కన లారీ బ్యాటరీలతో ఒక ఇన్వర్టరు పెట్టించాను. కరెంటు పోతే మెషీన్ని మర్యాదగా ఆపుకునేంత సమయం దొరికేది. కేబుళ్లు గోడవెంట మేకులు కొట్టుకుంటూ ఒకటి కాటా దగ్గరికి, ఒకటి నర్సరీ షెడ్డుకి, ఒకటి ఎరువుల కొట్టుకి లాగాం.

అసలు తగాదా మెమొరీ పంచేటప్పుడు వచ్చింది. ఎవరికెంత ఇవ్వాలో నేను టైపు చేసే ముందు ముగ్గురూ నా కుర్చీ వెనక నిలబడ్డారు.

"పెద్దవాణ్ణి. నాకు కాస్త ఎక్కువెయ్," అన్నారు పెదనాన్న.

"పెద్దరికానికీ దీనికీ ఏంటన్నయ్యా సంబంధం? బిల్లులు నావి ఎక్కువ," అన్నాడు బాబాయి.

"మీరిద్దరూ తీసుకోగా మిగిలింది నాకు చాల్లే," అన్నారు మా నాన్న. ఆ ఒక్క మాటతో ఇద్దరినీ ఒకేసారి దోషుల్ని చేసేశారు. నాన్నకి అది బాగా చేతనైన విద్య.

"సమానంగా వేస్తున్నాను. ఎవరు అలిగితే వాళ్లది తగ్గిస్తాను," అన్నాను. ముగ్గురూ గమ్మున బయటికి వెళ్లిపోయారు. ఇరవై మూడేళ్ల వయసులో, మా ఇంట్లో నా మాటకి ఎదురు లేకపోవడం అదే మొదటిసారి.

మొదటిరోజు మా నాన్న తన టెర్మినల్ ముందు కూర్చుని, ఒక్క వేలితో అంటుమొక్కల రకాలు కొట్టి, ఆగి, గొంతు తగ్గించి అడిగారు.

"నేనిక్కడ కొట్టింది తమ్ముడి తెర మీద కనపడదుగా?"

"కనపడదు నాన్నా."

"పెట్టె ఒకటేగా?"

"ఒకటే. అయినా కనపడదు."

తల ఊపి, చెప్పులేసుకుని, ఎరువుల కొట్టుదాకా నడిచి వెళ్లి, బాబాయి తెరని వెనకనుంచి చూసి, తిరిగొచ్చి కూర్చున్నారు. "కనపడలేదు," అన్నారు, నాకేదో కొత్త సంగతి చెబుతున్నట్టు.

బాబాయిది ఇంకో రకం అనుమానం. తన తెర కాస్త నెమ్మదిస్తే చాలు, కొట్లోంచి కేక వేసేవాడు. "అమ్మాయ్! అన్నయ్య అక్కడ కీబోర్డు గట్టిగా బాదుతున్నాడు, నా వాటా లాగేసుకుంటున్నాడు!" గట్టిగా బాదితే ఎక్కువ రాదని ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. తను కూడా గట్టిగా బాదడం మొదలుపెట్టాడు.

ఒకరోజు బాబాయి మెషీన్ ఒక్కటే బిగుసుకుపోయింది. నేను గదిలోంచే దాన్ని ఆపి మళ్లీ లేపాను. పెదనాన్న, నాన్న తమ పనుల్లో తాము ఉన్నారు, వాళ్లకి తెలియనే లేదు. ఆ పెట్టె మీద నాకు ప్రేమ పుట్టింది నిజానికి ఆ క్షణంలోనే. కానీ నేను లేపుతున్న సమయానికే బాబాయి విసుగొచ్చి టెర్మినల్ నెత్తిన ఒకటి చరిచాడట. తెర వెలిగింది. ఇక ఆ కాపు కాలమంతా దానికి తన వైద్యమే పనిచేస్తుందని వచ్చిన రైతులందరికీ చెప్పాడు. అప్పుడప్పుడు చరిచి చూపించేవాడు కూడా.

కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో నాగపూర్ నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. ఏటా వచ్చే మనిషే, తెలుగు బాగానే మాట్లాడతాడు. పెదనాన్న ఆయన్ని కాటా దగ్గర కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, "మా కంప్యూటర్ చూపిస్తాను ఉండండి," అని ఇస్త్రీ చొక్కా సవరించుకుని కీ నొక్కారు. తెర కదల్లేదు. ఇంకోటి నొక్కారు. కదల్లేదు. వ్యాపారి మజ్జిగ తాగుతూ మర్యాదగా వేరేవైపు చూశాడు.

అదే సమయంలో కొట్లోంచి చప్పుడు వినిపించింది. బాబాయి వైద్యం చేస్తున్నాడు. మా నాన్న షెడ్డులోంచి నడిచొస్తున్నారు. ముగ్గురూ మాగబెట్టే గది గుమ్మంలో ఒకేసారి కలిశారు.

"నువ్వేం చేశావురా?" అన్నారు పెదనాన్న.

"నేనా? నీ కాటా దగ్గరే ఏదో అయింది!"

"నేను మాత్రం ఏం ముట్టుకోలేదు," అన్నారు మా నాన్న. ఆ మాట వినగానే మిగతా ఇద్దరూ ఆయన వైపు తిరిగారు.

నేను వాళ్లని తప్పించుకుని లోపలికి దూరాను. పెట్టెకే జబ్బు చేసింది. చెయ్యి పెట్టి చూస్తే పైరేకు పెనంలా కాలుతోంది. వెనక ఫ్యాను గాలి బయటికి పోవాల్సిన చోట ఏమీ రావడంలేదు. వంగి చూశాను. పెట్టె వెనక, గోడకీ దానికీ మధ్య ఉన్న సందులో, గడ్డి పరిచి, ఆ గడ్డి నిండా చిన్న రసాలు పేర్చి, పైన గోనె కప్పి ఉంది.

"నానమ్మా!"

చీర తెరకి అటువైపునుంచి ఆవిడ తాపీగా వచ్చింది. "ఏంటే ఆ కేకలు? అక్కడ వెచ్చగా ఉంటోంది. ఊరికే పోతోందిగా ఆ వేడి! ఇటువైపు నాలుగు రోజులు పట్టే కాయ అక్కడ రెండు రోజులకే రంగు తిరుగుతోంది."

"కంప్యూటర్‌కి ఊపిరాడలేదు నానమ్మా. ఆగిపోయింది."

"అంతేనా? తీసేస్తే మళ్లీ ఆడుతుందిగా?"

గోనె తీశాం. కాయలు తీశాం. గది నిండా వాసన గుప్పుమంది. పెదనాన్న వెనకే వచ్చిన నాగపూర్ వ్యాపారి ఒక రసం చేతిలోకి తీసుకుని, మెత్తగా నలిపి, అక్కడే నిలబడి జుర్రేశాడు. కళ్లు మూసుకుని తల ఊపాడు.

"మెషీన్ చాలా బాగుందండి," అన్నాడు పెదనాన్నతో. "ఇంకోటి తీసుకోవచ్చా?"

పెదనాన్నే ముందు నవ్వారు. తర్వాత బాబాయి. మా నాన్న నవ్వితే ఎవరికీ వినపడదు గానీ భుజాలు కదిలాయి. పెట్టె చల్లారేదాకా విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. మధ్యాహ్నానికి మూడు తెరలూ లేచాయి. లోపల ఏదీ పాడవలేదు.

నానమ్మ మాత్రం అంతటితో వదల్లేదు. అందరూ వెళ్లాక నా పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"ముగ్గురికీ మూడు ఇచ్చావు. గదేమో నాది. నా వాటా ఏది?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఐదో తరగతి దాకా చదువుకుని, అంకెలు, అక్షరాలు శుభ్రంగా వచ్చిన మనిషి. కంపెనీ సామానులో వచ్చిన టెర్మినల్ ఒకటి అదనంగా మూలన పడుంది. మెమొరీలో నా కోసం దాచుకున్న ముక్క ఒకటి ఉంది. దాంతో నాలుగో మెషీన్ తయారుచేశాను. కానీ దానిమీద ఆవిడ ఏం చేస్తుంది? చిన్నప్పుడు నాతో అరుగు మీద సుద్దముక్కతో గీసి ఆడిన మేకా-పులి ఆట గుర్తొచ్చింది. కూర్చుని దాని ప్రోగ్రామ్ రాశాను. గళ్లకి నంబర్లు. మేకలు నానమ్మవి, పులులు మెషీన్‌వి.

మొదటి మధ్యాహ్నమే ఆవిడ పులుల్ని కట్టేసింది. "దీనికి ముందుచూపు లేదే," అంది జాలిగా.

నాకు రోషం వచ్చింది. పులులు ఇంకొన్ని ఎత్తులు ముందుకి ఆలోచించేలా ప్రోగ్రామ్ మార్చాను. పులులు ఆలోచించడం మొదలుపెట్టగానే కొట్లోంచి కేక వినిపించింది. "అమ్మాయ్! యూరియా బిల్లు కదలట్లేదు!" ఈసారి అనుమానం నిజమే. నానమ్మ మెషీన్‌కి సమయం వాటా తగ్గించాను. బాబాయి బిల్లు కదిలింది. ఇటు నానమ్మ మొహం చిట్లించింది.

"నా పులులు కునుకు తీస్తున్నాయేంటే? ఎవరికిచ్చావ్?"

ఆ వేసవంతా నా ఉద్యోగం అదే. పులుల దగ్గర కాస్త తీసి యూరియాకి, యూరియా దగ్గర తీసి కాటాకి, కాటా ఖాళీగా ఉన్నప్పుడు మళ్లీ పులులకి. కంపెనీలో నేర్చుకున్నదానికంటే ఎక్కువ అప్పుడే నేర్చుకున్నాను.

కొన్నాళ్లకి బాబాయి తన బిల్లు ఎందుకు ఆగుతోందో చూద్దామని వచ్చి, నానమ్మ వెనక నిలబడి, "ఆ మేకని కదపకమ్మా!" అన్నాడు. పెదనాన్న వచ్చి, "నీకేం తెలుసురా, కదపనీ," అన్నారు. మా నాన్న ఏమీ అనకుండా తెర మీద ఒక గడి చూపించారు. నానమ్మ ఆ గడిలోకే జరిపి గెలిచింది. అప్పటినుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక ముగ్గురూ ఆ గదిలో చాపలేసుకుని చేరేవారు. అంతసేపు జీపు బయట ఎండలో ఎవరికీ అక్కర్లేకుండా పడుండేది.

కాపు అయిపోతుండగా మైలవరంలో బాబాయికి తెలిసిన విత్తనాల వ్యాపారి ఒకాయన కబురు పంపారు. ఆయనా కంప్యూటర్ కొన్నారట. కొట్లో ఒక తెర, గోడౌన్లో ఒక తెర కావాలట. బాబాయి, నేను బస్సెక్కి వెళ్లాం. కొట్లో అడుగుపెట్టగానే ఆయన బాబాయికి కుర్చీ వేసి, వీధి వైపు చూశారు.

"సారు రాలేదాండి?"

"ఏ సారండి?"

"అదేనండి, మెషీన్లు విడగొట్టే సారు."

బాబాయి నా వైపు చెయ్యి చూపించాడు. "వచ్చారండి. మా అన్నయ్యగారి అమ్మాయి."

ఆయన గబగబా ఇంకో కుర్చీ తెప్పించారు. అది బాబాయి కుర్చీకంటే పెద్దది. నేను పని చేస్తుంటే బాబాయి పక్కన నిలబడి, నేనడక్కుండానే స్క్రూలు అందించాడు. టెర్మినల్ని మాత్రం ఒకటికి రెండుసార్లు ఆశగా చూశాడు. చరవనివ్వలేదు. సాయంత్రానికి రెండు తెరలూ వెలిగాయి. ఆయన భార్య గోడౌన్లోంచి, "వచ్చిందండీ!" అని కేకేసింది.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు బాబాయి నాకిచ్చాడు.

"అయితే హైదరాబాదు ఎప్పుడెళ్తావ్? ఉద్యోగాలు చూసుకోవాలన్నావుగా," అన్నాడు.

"ఏమో బాబాయ్," అన్నాను. "ఆ గోడౌన్ ఆవిడ అన్నయ్యకి చాట్రాయిలో ఎరువుల కొట్టుందట. ఆదివారం రమ్మన్నారు."