ముల్లు లేచేదాకా ఆగే బండి

బాన్సువాడలో లింగం తాత అంబాసిడర్ ఎక్కి వెంటనే కదిలిన మనిషి లేడు. బండి స్టార్టయ్యేది. బానెట్ వణికేది. వెనక సీట్లో ఒకరి ఒళ్లో ఒకరు కూచున్న బిచ్కుంద జనం "పోనియ్యన్నా, పొద్దుగూకుతుంది" అని మొత్తుకునేవాళ్లు. తాత మాత్రం స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, పూజలో కూచున్న అయ్యగారిలా, డ్యాష్‌బోర్డు నడుమనున్న ఆయిల్ మీటరు వైపే చూసేవాడు.

"ముల్లు లేవాలె," అనేవాడు.

ఆ ముల్లు లేచేది కాదు. ఇంజన్ నుంచి మీటరుకు నూనె తెచ్చే సన్న పైపు ఎప్పుడో తెగిపోయింది. చచ్చిన ముల్లు కోసం కాసేపు ఆగి, అది లేచిందని తనకు తానే ఒప్పుకుని, అప్పుడు గేరు వేసేవాడు తాత.

ఈ అలవాటు భీంరావు పటేలు అంటించింది. బండి మొదట పటేలుదే. లింగం మీసాలు మొలిచీ మొలవని వయసులో ఆయన దగ్గర డ్రైవరుగా చేరాడు. మొదటి రోజే పటేలు మీటరు అద్దం మీద వేలు పెట్టి చూపించాడట. "గీ ముల్లు లేస్తే ఇంజన్ల నూనె తిరుగుతున్నట్టు. అది లేవకముందుకే బండి కదిలించినవో, నువ్వు ఇంటికి నడిచి పోతవ్." తరువాత పటేలు జీపు కొనుక్కుని, బండిని లింగానికి అప్పజెప్పాడు. బండితో పాటు ఆ భయాన్ని కూడా ఇచ్చేశాడు.

పైపు తెగింది ఒక పెళ్లికొడుకును తీసుకుపోతుంటే. ముందు సీట్లో దర్జాగా కూచున్న వాడి తెల్ల ప్యాంటు మీద నల్లటి నూనె చిమ్మింది. పాపం, ఆ పిల్లగాడు డ్రైవరు లుంగీ కట్టుకుని పందిట్లో దిగాడు. ఆ పెళ్లి ఫోటోల్లో ఇప్పటికీ గళ్ల లుంగీ ఉంటుందని అవ్వ, అంటే తాత భార్య పూలమ్మ, ఒట్టేసి చెప్తుంది. తాతకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి మిగిలిన పైపు పీకేసి, ఇంజన్ దగ్గర బొక్కకు బోల్టు బిగించేశాడు.

"ముల్లెందుకు? నాకు చెవులున్నయి," అన్నాడు.

నిజంగానే ఉండేవి. ఇంట్లో అన్నం తింటూ, రోడ్డు మలుపులో వస్తున్న లారీ ఎవరిదో చెప్పేవాడు. నూనె తగ్గితే ఇంజన్ గొంతు బొంగురుపోతదనేవాడు. చెరుకు కోతల కాలంలో మనుషుల్ని బస్తాల్లా కుక్కి తిప్పాడు. దవాఖానకు చేరేలోపే ఆ వెనక సీట్లో కళ్లు తెరిచిన పిల్లలున్నారు. వాళ్లలో ఒకడు ఇప్పుడు కండక్టరు. దారిలో బండి కనబడితే చాలు, బస్సులో అందరికీ వేలు పెట్టి చూపిస్తాడు, "నేను పుట్టిన ఊరు గదే" అని.

ఆటోలొచ్చాయి. ఇంటికో మోటారు సైకిలొచ్చింది. కిరాయి అడిగేవాళ్లు లేక బండి రేకుల కొట్టంలోకి చేరింది. ఇప్పుడు వారానికోసారి అవ్వను మహమ్మద్ నగర్‌లోని చెల్లెలింటికి తీసుకుపోవడమే దాని పని. ఆ ఒక్క రోజు కోసం తాత మిగతా వారమంతా బండిని తుడుస్తాడు. అవ్వను కూడా అంత శ్రద్ధగా ఎన్నడూ చూసుకోలేదు.

మొన్న ఎండాకాలంలో తంటా వచ్చింది. కూరగాయల మార్కెట్ ముందు, నడుస్తున్న ఇంజన్‌కు తాత మళ్లీ సెల్ఫ్ కొట్టాడు. ఇనుమును ఇనుము కొరికినట్టు కర్రుమంది. పుచ్చకాయ కోస్తున్న మనిషి కత్తి ఆపాడు. చౌరస్తా మొత్తం తిరిగి చూసింది. ఉలకనిదల్లా తాత ఒక్కడే. ఇంకోసారి కొట్టాడు.

సాయంత్రానికల్లా ఆ ముచ్చట మండలాఫీసులో పనిచేసే కొడుకు కృష్ణ దాకా పోయింది.

"బాపూ, నీకు ఇనవడ్తలేదు," అన్నాడు కృష్ణ, చెవి దగ్గరికొచ్చి.

"ఎవనికి? నేను బ్యాటరీ చూస్తున్న."

"నడిచే బండికి బ్యాటరీ చూస్తరా? ఇంకోసారి గిట్లయితే తాళంచెవి నాకియ్యాలె. నిజామాబాద్ల పెండ్లిండ్లకు పాత కార్లు సింగారించేటోడు అడుగుతుండు. అమ్మేద్దం."

తాత ఆ రాత్రి అన్నం సగమే తిన్నాడు. ఇంజన్ గొంతు ఎప్పుడు దూరమైందో ఆయనకే సరిగ్గా తెలియదు. జుట్టు తెల్లబడ్డట్టు, చెప్పకుండా మెల్లమెల్లగా పోయింది. చెవి పోయిందని ఒప్పుకుంటే బండి పోతుంది. ఒప్పుకోకపోతే మళ్లీ ఏదో ఒక చౌరస్తాలో కర్రుమంటుంది. చెవి చెప్పలేనిది కన్ను చెప్పాలి. అప్పుడు యాదికొచ్చింది ముల్లు. ముల్లు లేచి ఉంటే ఇంజన్ నడుస్తున్నట్టే కదా!

తెల్లారి బండి వేసుకుని దేవిదాస్ షెడ్డుకు పోయాడు. దేవిదాస్ దెగ్లూర్ వైపు నుంచి వచ్చి ఇక్కడే ముసలివాడైన మెకానిక్. తోడుగా ప్రవళిక కూడా పోయింది. కృష్ణ బిడ్డ. బడి సగంలో వదిలేసి డ్రైవింగు మాత్రం పూర్తిగా నేర్చుకున్న పిల్ల. లైసెన్సు కూడా ఉంది. తాత మాత్రం ఆమెను స్టీరింగు తుడవనిస్తాడు, పట్టనియ్యడు.

"లింగన్నా, ఇన్నేండ్లకు ముల్లు యాదికొచ్చిందా?" అన్నాడు దేవిదాస్.

"బండికి అందం."

"అరే బాబా, అందమే కావాల్నంటే ముందుగాల డోర్లు మార్చాలె."

పాత బోల్టు తుప్పు పట్టి మొండికేసింది. కిరసనాయిలు పోసి, పానా పెట్టి, ఇద్దరు ముసలివాళ్లూ దాన్ని బతిమాలీ తిట్టీ ఊడదీశారు. కొత్త రాగి పైపును తిన్నగా లాగబోయిన దేవిదాస్ చేయి తాత పట్టుకున్నాడు.

"తిన్నగ వద్దు. గట్ల పెట్టే పెండ్లికొడుకు ప్యాంటు పాడుచేసిన. ఇంజన్ ఊగుతది, బాడీ ఊగదు. నడుమ సుట్లుంటే ఆ ఊపు మింగుతది."

సంచిలోంచి చపాతీ కర్ర తీశాడు. దాని మీద పైపును ముద్దుగా చుట్టి, కర్రను బయటికి లాగేశాడు. రాగి పైపు స్ప్రింగులా నిలిచింది. ఇంజన్ వైపు నుంచి బండి లోపలికి పైపు పోయే బొక్క దగ్గర రేకు అంచు పైపును కోయకుండా రబ్బరు ముక్క దూర్చాడు. అది అవ్వ హవాయి చెప్పుది. సరిగ్గా అప్పుడే అవ్వ ఒంటి చెప్పుతో షెడ్డుకొచ్చింది.

"కర్ర పాయె, చెప్పు పాయె. ఇగ నన్నుగూడ బిగించుండ్రి గా బండికి!"

తాత నవ్వాడు కానీ తల ఎత్తలేదు.

నూనె కారకుండా పైపు కొసకు ఇత్తడి పూస తొడిగి ఇంజన్ వైపు గట్టిగా బిగించారు. పైపులోని గాలి బయటికి పోవాలని మీటరు వెనక నట్టు సగమే తిప్పి, కింద గుడ్డ పట్టుకుని దేవిదాస్ "కొట్టు" అన్నాడు. స్టీరింగు ముందు కూచున్న తాత కదల్లేదు. "కొట్టు లింగన్నా!" తాత ముందుకే చూస్తున్నాడు. ప్రవళిక కిటికీలోంచి చేయి పెట్టి భుజం తట్టింది. తాత ఉలిక్కిపడి ఆమెను చూశాడు. దొంగ దొరికిపోయాడు. ఆ పిల్ల కన్ను కొట్టింది.

ఇంజన్ నడిచింది. గుడ్డ మీద నూనె బుడగలు బుడగలుగా వచ్చి, తరువాత ధారగా వచ్చింది. దేవిదాస్ నట్టు బిగించాడు. అప్పుడు, పటేలు వేలు పెట్టిన ఆ అద్దం వెనక, ముల్లు ఒకసారి వణికి లేచి నిలబడింది.

తాత చాలాసేపు గేరు వేయలేదు. పటేలు అత్తరు వాసన, బిచ్కుంద రోడ్డు దుమ్ము, వెనక సీట్లో పసిపిల్ల ఏడుపు అన్నీ ఆ ముల్లుతో పాటు లేచొచ్చాయి. పొగ కళ్లల్లో పడిందన్నాడు. పొగ అటు వైపు లేదు.

ఆ గురువారం మహమ్మద్ నగర్‌కు బయలుదేరారు. అవ్వ ముందు సీట్లో, ప్రవళిక వెనక. బండిలో అవ్వ నోరు ఊరుకోదు. ఎప్పుడూ తాత పక్కకు జరిగి చెవిలో ఏదో ఒకటి దంచుతూనే ఉంటుంది. అవ్వ గొంతును ఆపేంత చెవుడు ఇంకా పుట్టలేదు. ఆ రోజు మాత్రం అవ్వ కిటికీ వైపు తిరిగి గమ్మున కూచుంది. తాత రోడ్డును ఒకసారి, ముల్లును రెండుసార్లు చూసుకుంటూ రాజాలా పోతున్నాడు.

వెనక వడ్ల లారీ వచ్చింది. హారన్ కొట్టింది. మళ్లీ కొట్టింది. ముల్లు నిటారుగా, నవ్వుతున్నట్టు నిలబడే ఉంది. తాత రోడ్డు నడుమనే ఉన్నాడు.

అవ్వ తిరిగి ఆయన చొక్కా పట్టి ఎడమకు గుంజింది. "లారీ!"

బండి సగం గడ్డిలోకి దిగింది. లారీ అద్దానికి అద్దం రాసుకున్నట్టు దూసుకుపోయింది. తాత బ్రేకు మీది కాలు తీయలేదు.

"నూనె సూపిచ్చే ముల్లు దొరికింది," అంది అవ్వ. "లారీ సూపిచ్చే ముల్లు ఏ దుకాణంల దొరుకుతది?"

తాత లారీ పోయిన వైపే చూశాడు.

"ఇన్ని దినాలు నేను ఊకెనే ఒర్లిననుకున్నవా? ఎనుక బస్సొస్తుంది, ఇంజన్ దగ్గుతుంది, గేరు సరిగ పడలే... గవన్నీ ఎవల కోసం చెప్పిన? ఇగ ముల్లొచ్చింది, నేనెందుకని నోరు మూసుకున్న."

"నీకెప్పుడు ఎర్కయింది?" అన్నాడు తాత చిన్నగా.

"నా తిట్లకు నువ్వు తిరిగి తిట్టుడు బందైనప్పుడు."

వెనక ప్రవళిక కిసుక్కుమంది. తాత నవ్వలేదు. ఇంజన్ ఆపాడు. ముల్లు మెల్లగా కిందికి పడుకుంది. తాళంచెవి తీసి అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశాడు. వెనక్కి తిరిగి మనుమరాలి చేతిలో పెట్టాడు.

"మీ నాయినకు చెప్పు. తాళంచెవి ఇచ్చేసిన. నీకిచ్చిన. ఇగ అమ్ముడు లేదు."

అవ్వ వెనక్కి పోయింది. తాత ముందు సీట్లో, మీటరుకు ఎదురుగా సర్దుకున్నాడు. ప్రవళిక స్టీరింగు పట్టి, స్టార్టు చేసిందే తడవు గేరు మీద చేయి వేసింది. తాత ఆ చేతి మీద చెళ్లున ఒకటిచ్చాడు.

"ముల్లు లేవాలె."

"లేస్తుంది తాతా!"

"లేస్తుంది కాదు, లేవాలె."

అవ్వ ముందుకు వంగి ఆయన చెవిలో అరిచింది. "ఎనుక ఆటో ఆగింది, వాడు మస్తు మొత్తుకుంటుండు."

"మొత్తుకోనియ్యి," అన్నాడు తాత, కళ్లు మీటరు మీదినుంచి తిప్పకుండా.