గేటు దగ్గర వచ్చిన ఫోను

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధం నా గుండెల మీద కూర్చుని ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఇక మొయ్యలేను.

తిరువూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. పదో తరగతి పరీక్షలకు పిల్లలను సెంటరు గేటు దాకా తీసుకెళ్లి, వాళ్లు బయటికి వచ్చేదాకా అక్కడే నిలబడటం మాకు అలవాటు. ఆ రోజు లెక్కల పరీక్ష. నూటికి నూరు తెస్తుందని నేను ఆశ పెట్టుకున్న సునీత నా పక్కనే నిలబడి హాల్‌టికెట్టు చూసుకుంటోంది. అప్పుడే వాళ్ల ఊరు నెమలి నుంచి వాళ్ల మేనమామ ఫోను చేశాడు. మంచాన పడి ఉన్న వాళ్లమ్మకు ఊపిరి అందడం లేదట, పిల్లను చూడాలంటోందట, వెంటనే పంపమన్నాడు.

"లోపలికెళ్లిపోయిందండీ. గేటేసేశారు" అన్నాను, అటు తిరిగి గొంతు తగ్గించి.

ఎందుకన్నాను? పిల్ల ఏడాది పాడవుతుందనా? అలాగే ఇన్నాళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను గాని, నిజానికి ఆ క్షణాన నా కళ్లముందు మెదిలింది ఫలితాలు రాగానే స్కూలు ముందు కట్టే ఫ్లెక్సీ, దాని మీద నా సబ్జెక్టు మార్కులు. సునీత వీపు తట్టి లోపలికి పంపాను.

పరీక్ష అయ్యాక నేనే ఆటోలో తీసుకెళ్లాను. దారిలో అడిగింది.

"పొద్దున గేటు దగ్గర మీకు ఫోను చేసింది మా మావయ్యేనా టీచర్?"

"కాదమ్మా. నువ్వు లోపలికెళ్లాక చేశాడు."

నమ్మింది. మేం వెళ్లేసరికి వాళ్లమ్మ గడ్డానికి గుడ్డ కట్టేసి ఉంది.

మిగిలిన పరీక్షలకు నేనే క్యారేజీ పట్టుకెళ్లి అన్నం తినిపించాను. తల్లిలా చూసుకుందని అందరూ మెచ్చుకున్నారు. లెక్కల్లో నూటికి నూరు వచ్చాయి. ఫ్లెక్సీ కట్టారు.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. కానీ వచ్చే వారం మా స్కూల్లో టీచర్లకు మీటింగు. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న పిల్లలకు స్కూలు ఎలా తోడుండాలో నన్ను చెప్పమన్నారు. పాత విద్యార్థిగా సునీత కూడా వస్తోంది. "మీరు లేకపోతే నేనేమైపోయేదాన్నో, అది అందరికీ చెప్తాను టీచర్" అంది. ఆ మాట వింటూ నేను కుర్చీలో ఎలా కూర్చోను? ఏ మొహంతో?

క్షమించమని అడగను. ఆ పొద్దు మళ్లీ రాదు, ఆ తల్లీ రాదు. ఇక్కడిదాకా మాత్రం ఒక్క మాటా కొట్టేయకుండా రాయగలిగాను. నాకు దక్కింది అంతే. మిగిలిన ముక్క కూడా రాసేస్తాను.

సునీతా, గేటు అప్పటికింకా తెరిచే ఉంది. నువ్వు నా పక్కనే ఉన్నావు.