బూడిద గూట్లో పెరిగిన తెల్ల పావురం

జగన్నాథం అయివారికి పావురాల పిచ్చి పట్టింది పరుపు వల్ల.

కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో ఆయన అనంతపురం కాలేజీలో చదువు ముగించుకుని ప్రొద్దుటూరు హైస్కూల్లో సైన్సు అయివారుగా చేరాడు. వల్లూరులో పౌరోహిత్యం చేసుకునే ఇంటి పిల్లవాడు. పెళ్లయి కాపురం పెట్టిన మొదటి నెలలో, పరుపు కుట్టించుకు రమ్మని భార్య సరస్వతి పంపితే దూది బజారులో కమాల్ బాషా అంగడికి వెళ్లాడు. బేరం మాట్లాడుతుంటే మిద్దె మీద నుంచి గొంతులో నీళ్లు తిప్పుతున్నట్టు ఒకటే గురగురమని శబ్దం.

"ఏంది బాషా అది?"

"నా పిల్లలు. రా, చూద్దువు గానీ."

నిచ్చెనెక్కి పైకి పోతే, నాపరాళ్ల మిద్దె మీద గోడ పొడవునా చెక్క గూళ్లు. సగం గూళ్లలో బూడిదరంగు మామూలు పావురాలు, మిగతా సగంలో తెల్లటి లక్కా పావురాలు. లక్కా తోక విసనకర్రలా విచ్చుకుని నిలబడి ఉంటుంది. మెడ వెనక్కి విరుచుకుని నడవడంతో దానికి ముందున్న గింజ కూడా సరిగా కనిపించదు. కమాల్ బాషా తాత ఎక్కడినుంచో ఒక జత తెచ్చి మొదలుపెట్టాడట. తాత తర్వాత తండ్రి, తండ్రి తర్వాత ఇతను, ఏటికేడు తోక బాగున్నవాటిని ఎంచి జతకట్టి, ఆ తోకను అంత పెద్దది చేశారు.

ఆ రోజు నుంచి బడి వదలగానే జగన్నాథం కాళ్లు దూది బజారు దారి పట్టేవి. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే ఈడు. కమాల్ బాషా ఆయన్ను 'అయివారూ' అని పిలిచినా 'నువ్వు' అనే మాట్లాడేవాడు. ఆ చనువు జగన్నాథానికి ఇష్టంగా ఉండేది. వాళ్ల మాటలన్నీ పావురాల పెళ్లిళ్ల గురించే.

"ఈడ ఎంచేది నువ్వు. అడవిలో ఎంచేది పెట్ట. నెమలికి తోక అట్లనే పెరిగింది. నచ్చిన తోక ఉన్నదానితో పెట్ట జత కడతాది, పిల్లలకు ఆ తోక వస్తాది," అన్నాడొకసారి జగన్నాథం.

కమాల్ బాషా నవ్వాడు. "ఈడ మాత్రం నా మాట యాడ సాగుతాంది అయివారూ? శానా అందమైనోడని ఒకన్ని తెచ్చి గూట్లో పెడితే, ఆ పెట్ట వాని మొగం గూడ చూడదు. పొడిచి పొడిచి తరుముతాది. పక్క గూట్లో వంకరకాలోని కోసం మెడ సాచి కూచుంటాది. ఆ ఇష్టం దానికి యాడ నుంచి వస్తాందో నువ్వు చెప్పు, సదువుకున్నోడివి."

జగన్నాథం ఆ ప్రశ్నను వెంట తీసుకుపోయాడు. ఆ ఇష్టం రంగులాగా, తోకలాగా రక్తంలోనే పుడుతుందా? లేక కళ్లు తెరిచాక గూట్లో చూసిన మొహాల నుంచి నేర్చుకుంటుందా? చదివిన పుస్తకాల్లో దానికి తృప్తిగా జవాబు దొరకలేదు. ఇంటికొచ్చి అన్నం తింటూ అదే ఆలోచన.

"మనుషుల సంబంధాలు మా నాన్న చూస్తాడు. పావురాల సంబంధాలు మీరు చూడండి," అనేది సరస్వతి. మిద్దె మీది రెట్ట వాసన పోయేదాకా నీళ్లు పోసుకుంటేగానీ ఆయన్ను లోపలికి రానిచ్చేది కాదు.

తేల్చుకునే దారి ఆ గూళ్లలోనే ఉంది. లక్కాలు గుడ్లు సరిగా పొదగవు. వాటి గుడ్లను బూడిదవాటి కింద పెట్టి పొదిగించడం పెంపకందార్లకు మామూలే. ఆ పిల్లల్ని పెద్దయ్యేదాకా బూడిద గూళ్లలోనే ఉంచి, జత కట్టే వయసొచ్చాక రెండు రంగుల పెట్టలనూ ఎదుట పెట్టి చూద్దామన్నాడు జగన్నాథం. కమాల్ బాషాకు కూడా ఆ ముచ్చట నచ్చింది.

అట్లా పెరిగినవాటిలో ఒక మగ పిల్ల అన్నిటికంటే బాగా ఎదిగింది. వెన్నలాంటి తెలుపు, నిండు తోక. దాన్ని వదిలిన పొద్దు ఇద్దరూ గోడ పక్కన ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఒక పక్క దాని జాతి తెల్ల పెట్టలు, ఇంకో పక్క బూడిద పెట్టలు. అది తెల్లవాటి మధ్యనుంచి, రాళ్ల మధ్యనుంచి నడిచినట్టు నడిచిపోయింది. బూడిద పెట్ట ఎదుట ఆగి, గొంతు ఉబ్బించి, తల వంచి వంచి గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. ఆ పెట్టా కాసేపటికి దాని ముక్కులో ముక్కు పెట్టింది.

"అల్లా! తల్లి రంగు ఎతుకుతాంది అయివారూ ఇది!" అని కమాల్ బాషా ఆయన వీపు మీద చరిచాడు.

జగన్నాథం ఆ సాయంత్రం పెన్న ఏటి ఇసుకలో ఒక్కడే చాలాసేపు తిరిగాడు. ఇష్టం రక్తంలో లేకపోయినా, గూటి నుంచి గూటికి, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఆస్తిలా అందుతుంది. అట్లా కొన్ని తరాలు సాగితే, ఒకే జాతిలో రెండు గుంపులు ఒకదాన్నొకటి చూడటమే మానేసి, చివరికి రెండు జాతులైపోవచ్చు. బతుకులో అంత సంతోషంగా ఉన్న సాయంత్రం మళ్లీ రాలేదని ఆయన తర్వాతెప్పుడో సరస్వతితో అన్నాడు.

ఇక అక్కడితో ఆగలేకపోయాడు. తల్లి ఒక రంగు, తండ్రి ఒక రంగు అయిన గూట్లో పెరిగే పిల్లలు ఎవరి రంగును వెతుక్కుంటాయి? అది తేలాలంటే ఇంకా బూడిద పెట్టలు కావాలి. ఎండాకాలం సెలవుల్లో జమ్మలమడుగు సంతకు పోయి ఒక గంప నిండా కొనుక్కొచ్చాడు.

అదే సమయానికి చెన్నూరులో కమాల్ బాషా అక్క ఖమ్రున్నీసాకు జబ్బు చేసింది. పోతూ పోతూ అతను ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

"సంత పావురాలు అయివారూ. ఏ గాలి సోకిందో తెల్దు. నేనొచ్చిందాంక మీ పెరట్లోనే పెట్టుకో. నా గూళ్ల కాడికి తేవద్దు."

జగన్నాథం సరేనన్నాడు. కానీ చెన్నూరు నుంచి అతను రావడం ఆలస్యమైంది. అయివార్ల బదిలీల కాగితాలు వస్తున్నాయని తోటివాళ్ల గుసగుసలు. పెరట్లో పావురాలు ఉషారుగానే ఉన్నాయి. ఈ ఋతువు పోతే మళ్లీ ఎప్పుడో అన్న తొందరలో ఒక పొద్దున గంప మోసుకుపోయి మిద్దె ఎక్కాడు. కింద నుంచి కమాల్ బాషా భార్య మైమూన్ చూసింది. అయివారే కదా అని ఏమీ అనలేదు.

వారం తిరక్కుండానే మొదటి పావురం మెడ పక్కకు తిరిగిపోయింది. గింజను ముక్కుతో పొడవబోయి నేలను పొడిచేది. తర్వాత ఆకుపచ్చ రెట్ట, రెక్కలు వాలిపోవడం. కోళ్లకొచ్చే కొక్కెర తెగులు లాంటిదన్నాడు పశువుల ఆస్పత్రి కాంపౌండరు. మందు లేదన్నాడు. జగన్నాథం పసుపు నీళ్లు తాగించాడు, గూళ్లకు సున్నం కొట్టాడు, బతికినవాటిని వేరు చేశాడు. పొద్దున నిచ్చెనెక్కేసరికి నేల మీద తెల్లటి తోకలు విచ్చుకునే పడి ఉండేవి. చచ్చినా ఆ తోకలు ముడుచుకోలేదు.

కమాల్ బాషా కబురందుకుని వచ్చేసరికి గూళ్లలో శబ్దం లేదు. అతను ఒక్కో గూటి తలుపూ తీసి చూశాడు. తాత తెచ్చిన జత నుంచి పుట్టుకొచ్చిన వంశం అంతా పోయింది, బూడిదవీ మిగల్లేదు. బూడిద గూట్లో పెరిగిన ఆ ఒక్క తెల్లది మాత్రం ఎట్లాగో తట్టుకుని మిగిలింది.

మూడో నాడు దాన్ని బుట్టలో పెట్టుకుని జగన్నాథం ఇంటికొచ్చాడు. గడప దాటలేదు.

"ఇది మిగిలింది. తీసుకోండి."

"బాషా, నేను..."

"మీరు కావాలని సేసినారని నేనన్లే. జబ్బు మీరు పుట్టిచ్చలేదు. కానీ వద్దంటే తెచ్చినారు. ఇది నా పావురం గాదు, మీరు తయారు సేసుకున్నది. మీ దగ్గరే ఉండనీండి. మా మిద్దె మీదికి మాత్రం మళ్ల రావద్దండి."

ఆ 'మీరు' అన్న మాట జగన్నాథానికి చెంపదెబ్బలా తగిలింది. బదులు చెప్పేలోపల కమాల్ బాషా సందు మలుపు తిరిగిపోయాడు. తర్వాత కొన్నాళ్లకు మిద్దె మీది గూళ్లు విప్పి పొయ్యిలోకి కొట్టుకున్నారని సరస్వతి విని వచ్చి చెప్పింది.

అనుకున్నట్టే బదిలీ వచ్చింది, పులివెందులకు. వంటపాత్రల మూటలతో పాటు పావురం బుట్ట కూడా బస్సు మీదికి ఎక్కింది.

పులివెందులలో దానికి తోడు వెతకడమే జగన్నాథం పనయింది. సంతలో బూడిదవి కొనడానికి భయపడి, కడప నుంచి తెల్ల లక్కా పెట్టల్ని తెప్పించాడు. అది వాటిని పొడిచి మూలకు తరిమింది. పొద్దస్తమానం గోడ మీద కూర్చుని ఖాళీ ఆకాశంలోకి గురగురలాడేది. ఆ గొంతు విన్నప్పుడల్లా సరస్వతి వంటింట్లోనుంచి, "దాని ఉసురు మనకు తగుల్తుంది," అనేది. చివరికి ఆ పెట్టల్ని ఎవరికో ఇచ్చేశారు.

ఒకసారి తిరుపతికి పోయినప్పుడు, అనంతపురంలో తనకు చదువు చెప్పిన లెక్చరరు వేదవ్యాసను కలిసి జగన్నాథం ఇదంతా చెప్పాడు. పెద్దాయన ఓపిగ్గా విన్నాడు.

"ఇది అమెరికాలో ఒకాయన నువ్వు పుట్టకముందే పావురాల మీదే చూశాడయ్యా. సాకినవాళ్ల రూపాన్నే అవి వెతుక్కుంటాయని," అన్నాడు మెల్లగా. జగన్నాథం మొహం వాడిపోవడం చూసి మళ్లీ ఆయనే, "అయినా నువ్వు సగమే చూశావు. నీ మగపక్షి ఎవర్ని కోరిందో చూశావు. దాన్ని ఎవరు కోరారు? ఆ మిద్దె మీది బూడిద పెట్టలు పుట్టినప్పటి నుంచి లక్కాల మధ్య పెరిగాయి. వాటికి ఆ తోక కొత్త కాదు. అసలు ఆ తోకనే ఎరగని పెట్టలైతే? జాతిలో ఒక కొత్త అందం పుడితే చాలదు, దాన్ని మెచ్చే కన్ను కూడా పుట్టాలి. రెండూ కలిసి సాగితేనే ఆ అందం నిలుస్తుంది. లేకపోతే పుట్టినదానితోనే పోతుంది," అన్నాడు.

ఆ మాట పురుగులా తొలిచింది. పులివెందుల చుట్టుపక్కల మెట్ట పొలాల్లో లోతైన బావులు. వాటి రాతి సందుల్లో అడవి పావురాలు గూళ్లు పెడతాయి. అన్నీ బూడిదవే. లక్కా తోకను కలలో కూడా చూడనివి.

"వద్దండీ," అంది సరస్వతి, ఆయన బుట్ట తీయడం చూసి. "ప్రొద్దుటూరులో జరిగింది చాలదా? దీన్ని ఇట్లే ఉండనివ్వండి. గోడ మీద కూచోని ఏడ్చుకుంటే ఏడ్చుకోనీండి. బతికి ఉంది గదా."

"ఈడ దానికి తోడు లేదు సరస్వతీ. ఆడన్నా దొరుకుతాదేమో."

"దానికోసమా మీరు పోయేది?"

ఆయన బుట్ట మూత బిగించాడు. ఎందుకు పోతున్నాడో ఆయనకే సరిగా తెలియదు.

బావి గట్టు మీద వదలగానే ఆ తెల్లది ఎన్నాళ్లకో సొంతవాళ్లను చూసినట్టు తుళ్లిపడింది. లోపల రాతి మెట్ల మీద బూడిద పెట్టలు. అది గొంతు నిండా గాలి పట్టి, తోకను పూర్తిగా విప్పి, వాటి మధ్యకు దిగి తల వంచింది. పెట్టలన్నీ ఒక్కసారిగా డేగను చూసినట్టు లేచిపోయాయి. అవి తిరిగి వాలినప్పుడల్లా అది దగ్గరికి పోయేది, అవి ఎగిరిపోయేవి. తనను చూసి ఎందుకు పారిపోతున్నాయో దానికి తెలిసే దారి లేదు. తానొక బూడిద పావురమనే అది అనుకుంటోంది. పక్షులకు అద్దాలుండవు.

జగన్నాథం దాన్ని పట్టుకుని ఇంటికి తెచ్చేయాలనుకున్నాడు. అది చేతికి చిక్కలేదు. రోజూ బడి అయ్యాక పోయి గట్టు మీద సద్ద గింజలు చల్లి పిలిచేవాడు. తినేది, దూరంగా జరిగేది. మళ్లీ బావి అంచున కూర్చుని కిందికి చూస్తూ గురగురలాడేది.

గాలి విసురుగా వీస్తున్న ఒక ఆదివారం ఆయన గట్టు ఎక్కుతుండగానే, బావిలోని పావురాలన్నీ బాణాల్లా చెదిరాయి. నిజంగానే డేగ. బూడిదవి రాతి సందుల్లోకి దూరిపోయాయి. తెల్లది కూడా లేచింది గానీ విచ్చుకున్న తోకకు గాలి అడ్డం పడి పక్కకు తోసేసింది. అంత ఎర్ర నేల మీద కనబడే తెలుపు అదొక్కటే. జగన్నాథం అరుస్తూ, రాళ్లు విసురుతూ చేను అడ్డంగా పరుగెత్తాడు. ఈకలు మాత్రం కంపచెట్లకు చిక్కుకుని రెపరెపలాడుతుండగా దొరికాయి.

ఇంటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు. సరస్వతి లోపలికి పోయి నీళ్లు తోడిపెట్టింది.

ఆ తర్వాత జగన్నాథం ఏ జంతువునూ ఇంటికి తేలేదు. పాఠాలు చెప్పేవాడు, పేపర్లు దిద్దేవాడు. నాలుగేళ్లకు జమ్మలమడుగుకు బదిలీ అయింది. ఆ ప్రయాణంలో బస్సు మారడానికి ప్రొద్దుటూరులో దిగితే, టీ బంకు దగ్గర కమాల్ బాషా కనిపించాడు. ఆ వయసుకే గడ్డం సగం నెరిసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, తప్పించుకునే వీలు లేక పలకరించుకున్నారు. దూది ధర గురించి, రాని వానల గురించి మాట్లాడుకున్నారు. కాసేపటికి కమాల్ బాషానే అడిగాడు.

"ఆ తెల్లది ఉండాదా?"

జగన్నాథం దాచలేదు. కడప పెట్టల్ని అది తరమడం, బావి పెట్టలు దాన్ని చూసి బెదరడం, డేగ, అంతా చెప్పాడు. కమాల్ బాషా గ్లాసులోకి చూస్తూ విన్నాడు.

"మీరు తెలుసుకోవాలనుకున్నది తెలిసిందా అయివారూ?"

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే జగన్నాథాన్ని ఎక్కువగా బాధపెట్టింది.

"తెలిసింది బాషా."

"మంచిది," అని కమాల్ బాషా గ్లాసు బల్ల మీద పెట్టి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "అంగట్లో పని ఉండాది. వస్తానండి."

జమ్మలమడుగు బస్సు వచ్చింది. సామాన్లు ఎక్కించమని సరస్వతి పిలుస్తోంది. జగన్నాథం దూది బజారు వైపు పోతున్న ఆ వీపును జనంలో కలిసిపోయేదాకా చూసి, మూటలు ఎత్తుకున్నాడు.