రెండు డిస్కుల్లోనూ నేనే

ఒక్క చూపుడువేలితో రెండేళ్ల పనిని తుడిచిపెట్టిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే అమలాపురం రండి, నన్ను చూసి వెళ్దురుగాని.

నాలుగేళ్ల కిందటి మాట. మా వదిన బండారులంక నేతగాళ్లకి చీర అంచుల డిజైన్లు గీసి ఇస్తుంది. ఆవిడ లాప్‌టాప్ తెరుచుకునేలోపు అన్నం వార్చి రావచ్చు. తెర పగిలి మూలపడ్డ నా పాత లాప్‌టాప్‌లో ఎస్సెస్డీ, అదే, చిటికెలో తెరుచుకునే కొత్తరకం డిస్కు, మాత్రం నిక్షేపంలా ఉంది. దాన్ని పీకి ఆవిడ లాప్‌టాప్‌లో పెట్టాలని నాకు బుద్ధి పుట్టింది. పెట్టమని ఎవరూ అడగలేదు, గమనించండి.

"ఒక్క పూట ఇవ్వండి వదినా. మీ డిజైన్లన్నీ ఇందులోకి ఎక్కించి, దీన్ని లోపల బిగించేస్తాను."

"మీకు వచ్చాండి మరిదిగారూ?"

"మూడు వీడియోలు చూసేనండి."

"ఆయ్," అంది వదిన, ఎటో చూస్తూ. "సాయంత్రం తీసుకోండి."

కాపీ చేసే ప్రోగ్రాం దేన్లోంచి దేన్లోకి అని అడిగింది. రెండు డిస్కులదీ ఒకే సైజు, కవలపిల్లల్లా పక్కపక్కన కూర్చున్నాయి. ఒకటి నొక్కాను. "రెండోదానిలో ఉన్నదంతా పోతుంది, సరేనా?" అంది. సరే అన్నాను. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది ఇక్కడే. అంత ఘోరం చెయ్యబోతూ చీమ తలకాయంత అక్షరాల్లోనా అడగడం? ఒక్కసారి అడిగి ఊరుకోవడమా? మా ఇంట్లో రెండో గరిటె పప్పు వెయ్యడానికి నాలుగుసార్లు అడుగుతారు.

నా డిస్కు బిగించి మీట నొక్కితే అయిదు సెకన్లలో తెరుచుకుంది. తెర నిండా నేను. నా పాత ఫొటోలో, అంతర్వేది ఒడ్డున, నల్ల కళ్లద్దాలతో, నడుం మీద చేతులేసుకుని.

"నా డిజైన్లేవండీ?" అంది వదిన.

"మీ పాత డిస్కులో భద్రంగా ఉంటాయండి."

దాన్ని మళ్లీ బిగించాను. ఎప్పట్లాగే తీరిగ్గా తెరుచుకుంది. అందులోనూ నేనే, అవే కళ్లద్దాలతో. ఆవిడది నా డిస్కులోకి ఎక్కించబోయి, నాది ఆవిడ డిస్కులోకి ఎక్కించానన్నమాట.

"ఒక్క మరిదిగారితోనే వేగలేకపోతున్నానండీ," అంది వదిన మెల్లగా. "ఇద్దర్ని తయారుచేసేరు."

మా వైపు కోపం ముదిరేకొద్దీ మర్యాద ముదురుతుంది. ఆవిడ అరిచి ఉంటే బాగుండేది. బీరువాలోంచి పాత చీరలు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఈ అంచుల పోగులు లెక్కపెట్టి గ్రాఫు కాగితం మీద దించండి. నేతగాళ్లు కాసుకుని కూర్చున్నారండి."

నా తెలివికి మగ్గాలు ఆగిపోవడమేమిటి? భూతద్దం పట్టుకుని పదకొండు రోజులు లెక్కపెట్టాను. చివరికి అన్నం మెతుకులు కూడా వరసలుగా కనిపించేవి.

పన్నెండో రోజు కాగితాల కట్ట అందించాను. వదిన ఒక్కో కాగితం తిప్పి చూసి, పక్కన పెట్టి, ఓ పెన్‌డ్రైవ్ గుచ్చింది. పోయిన డిజైన్లన్నీ బారులు తీరి ప్రత్యక్షమయ్యాయి.

"ఇదెక్కడిదండీ?"

"మీరు లాప్‌టాప్ అడిగేరు చూడండి, ఆ మధ్యాహ్నమే కాపీ తీసి దాచేనండి."

"మరి నేను దించినవి?"

"అవి మా అమ్మమ్మగారి చీరలండి. ఆ అంచులు దించాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. తీరికేదండీ."

ఇందులో అన్యాయం ఎవరికి జరిగిందో మీరే చెప్పండి. నేను అక్కడికక్కడే లేచి నిలబడి, తూర్పుకి తిరిగి, కుడిచెయ్యెత్తి ఒట్టేశాను. ఈ జన్మలో ఎవరి లాప్‌టాప్ మూతా విప్పను, ఎవరి డిస్కూ ముట్టుకోను, అడగని సాయం చెయ్యను.

"అలా అనకండి మరిదిగారూ," అంది వదిన. "ఇంకా నాలుగు చీరలున్నాయండి."