చెలిమ నీళ్ల పప్పు

నా చిన్నప్పుడు మా ఊరు ఉన్నచోటే ఉండి జిల్లా మార్చుకుంది, రాష్ట్రమూ మార్చుకుంది. అంతకుముందు మేము ఆదిలాబాద్ జిల్లా వాళ్లం. రాజురా చుట్టుపక్కల ఊళ్లతో పాటు మమ్మల్నీ విడదీసి ఇటు మరాఠీ రాష్ట్రం వైపు కలిపారు. పెద్దవాళ్లు కచేరీ ఎటు పోయింది, పట్టా కాగితాలు ఏ భాషలో రాయించుకోవాలి అని మాట్లాడుకునేవారు. నాకు తెలిసిన మార్పు ఒక్కటే. బడిలో తెలుగు పోయి మరాఠీ వచ్చింది. మూడో తరగతి చదువుతున్న నన్ను తీసుకుపోయి ఒకటో తరగతిలో కూర్చోబెట్టారు. నా పక్కన కూర్చున్న పిల్లలకు ముక్కు తుడుచుకోవడం కూడా సరిగా రాదు. నాతో చదివిన ఆడపిల్లలు నలుగురూ ఆ నెలలోనే బడి మానేశారు. నేను మానలేదు. సిగ్గు లేక కాదు, సిగ్గు కన్నా కోపం ఎక్కువై. ఏడాది తిరిగేలోపు మళ్లీ నా తరగతిలో కూర్చుని తీరాలని పట్టుబట్టాను. నన్ను మొండిదాన్ని అనేవాళ్లు. ఇప్పటికీ అంటారు. నేనూ కాదనను.

ఆ చలికాలంలోనే అమ్మ కాన్పుకని పుట్టింటికి వెళ్లింది. ఇంట్లో బాపు, బాపమ్మ, నేను మిగిలాం. మా వైపు నాన్నను బాపు అని, నాన్న తల్లిని బాపమ్మ అని అంటాం. అమ్మ వెళ్లి పది రోజులైనా కాలేదు, బాపమ్మ బావి దగ్గర జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టే ఆయన వచ్చి వెదురు బద్దలు పెట్టి బిగించి, రెండు నెలలు ఆ చేత్తో పూచికపుల్ల కూడా ఎత్తొద్దన్నాడు. పత్తి ఏరే రోజులు. బాపు పొద్దెక్కకముందే ఎడ్లను బండికి కట్టుకుని చేనుకు పోవాలి, వెంట సద్ది కావాలి. ఆ సాయంత్రం ఎడ్లకు గడ్డి వేస్తూ, నా వైపు చూడకుండానే, అమ్మ వచ్చేదాకా ఇంటి దగ్గరే ఉండమన్నాడు.

బాపు చెడ్డవాడు కాదు. ఆయన లెక్క ఆయనది. కానీ పదిహేను రోజులు వరసగా రాకపోతే పేరు కొట్టేస్తానని మాస్తరు అప్పటికే చెప్పి ఉన్నాడు. పేరు పోయాక ఎవరైనా మళ్లీ నా చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోతారా? మానేసిన ఆ నలుగురి వెనక ఐదోదాన్నవుతాను, అంతే. ఏడిస్తే బాపు మెత్తబడేవాడేమో. ఏడవబుద్ధి కాలేదు. వంట నేనే చేస్తాను, చేసి బడికి పోతాను అన్నాను. బాపు నవ్వాడు. ఆ నవ్వే నాకు మండింది.

అప్పుడు మంచం మీది నుంచి బాపమ్మ అందుకుంది. "నువ్వు ఎడ్లు కట్టే యాల్లకు సద్ది తయారుంటె పిల్ల బడికి పోతది. ఒక్క దినం తప్పినా నేనే ఆపుత. ఒప్పుకున్నవా?"

బాపు ఒప్పుకున్నాడు. రెండో రోజే తప్పుతానని ఆయన ధీమా.

బాపమ్మ నాకు పది వంటలు నేర్పలేదు. జొన్న రొట్టె జోలికే పోనివ్వలేదు. రొట్టె చేతికి రావడానికి నెలలు పడుతుంది, నీకు అంత తీరిక లేదంది. రెండే రెండు చెప్పింది. జొన్న గటక, కందిపప్పు. గటక అంటే జొన్నలు రవ్వగా విసిరి, మరిగే నీళ్లలో పోసి, ఉండ కట్టకుండా తెడ్డుతో కలుపుతూ గట్టిగా ఉడికించుకునేది. చేనుకు పోయేవాళ్ల కడుపు సాయంత్రం దాకా నిలబెడుతుంది. ఇక పప్పు ఒక్కటే వచ్చినా చాలు, రోజుకొక కూర వచ్చినట్టే అంది. ఒకరోజు చుక్కకూర, ఒకరోజు మెంతికూర, ఏదీ లేనినాడు చింతపండు రసం. పప్పు రెండు వేళ్ల మధ్య నొక్కితే మెదగాలి, అప్పటిదాకా పులుపు చూపించొద్దు. పప్పుగుత్తితో మెదిపి, ఉప్పు వేసి, నువ్వుల నూనెలో వెల్లుల్లి, జీలకర్ర, ఎండుమిర్చి పోపు పెట్టాలి. అంతే వంట.

ఒక్క షరతు మాత్రం మరీ మరీ చెప్పింది. పప్పుకు బావి నీళ్లు పోయొద్దు. మా నేల కింద అంతా సున్నపురాయే. బావి నీళ్లు తాగడానికి బాగానే ఉంటాయి కానీ అందులో పప్పు పొద్దంతా ఉడికినా గింజ గింజగానే ఉంటుంది. వాగులో ఇసుక తవ్వితే చెలిమ ఊరుతుంది, ఆ నీళ్లే పప్పుకు. మా ఊళ్లో ప్రతి ఇంట్లోనూ పప్పు కోసమని చెలిమ నీళ్ల కుండ ఒకటి వేరుగా ఉండేది. సాయంత్రం బడి నుంచి రాగానే వాగుకు పోయి ఆ కుండ నింపడం నా పని.

మొదటి రోజు గటక అడుగంటింది. రెండో రోజు ఉండలు కట్టింది. అయినా వేళకు అయింది, బాపు తీసుకుపోయాడు. నన్ను ఇబ్బంది పెట్టింది ఉప్పు. పప్పు దించాక గరిటెలో కాస్త తీసుకుని ఉప్పు చూడమని బాపమ్మ దగ్గరకు పోతే ముఖం అటు తిప్పుకునేది. చెయ్యి నొప్పికి జ్వరం తగిలి నోరు చేదు పుట్టిందట, ఏది పెట్టినా తెలియడం లేదట. "నాకేం తెల్వదు బిడ్డా, నువ్వే జూసుకో" అనేది. నేను నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకునేదాన్ని. తక్కువా, సరిపోయిందా? నాకు తొమ్మిదేళ్లు. అంతవరకు నా ముందు ఎవరో పెట్టింది తినడమే తప్ప, ఇది బాగుంది అని నిర్ణయించే పని నాకు ఎన్నడూ పడలేదు. భయం వేసేది. ఒక ఉప్పు పలుకు వేసి మళ్లీ చూసేదాన్ని. ఇంత పెద్దావిడకు ఇప్పుడే నోరు చేదు పుట్టాలా అని లోపల తిట్టుకునేదాన్ని కూడా.

పన్నెండు రోజులు నెట్టుకొచ్చాను. పదమూడో రోజు సాయంత్రం మరాఠీ ఎక్కాలు పట్టుకుని కూర్చున్నాను. మరునాడు మాస్తరు అడుగుతాడు. ఎక్కాలు తెలుగులో నోటికి వచ్చు, మరాఠీలో తొమ్మిదో ఎక్కం దగ్గర ఆగిపోతున్నాను. ఎలాగైనా దాటాలని పట్టుపట్టి కూర్చుంటే చీకటి పడిపోయింది, వాగు మాట మరిచిపోయాను. తెల్లవారి చూస్తే కుండ ఖాళీ. వాగుకు పోయి వస్తే ఆలస్యమవుతుంది. నీళ్లు నీళ్లే కదా అనుకుని బావి నీళ్లు పోసేశాను.

పప్పు పొంగింది, నురగ కట్టింది, ఉడకలేదు. కట్టెలు ఎగదోశాను. ఊదాను. కళ్లు మండాయి. పప్పు మాత్రం వేళ్ల మధ్య నుంచి జారిపోతూనే ఉంది. బాపమ్మ వచ్చి కుండలోకి తొంగిచూసి, "చెలిమ నీళ్లేనా?" అంది. నేను పొయ్యిలోకి ఇంకో కట్టె తోశాను. అటు బాపు ఎడ్లను కట్టేశాడు. ఆ గింజల పప్పులోనే చింతపండు పిండి, పోపు పెట్టి ఇచ్చి బడికి పోయాను. అక్కడా తొమ్మిదో ఎక్కం దగ్గరే ఆగిపోతే, మాస్తరు రేపు మళ్లీ చెప్పమన్నాడు.

సాయంత్రం బాపు సద్ది గిన్నె గడప మీద పెట్టాడు. పప్పు సగానికి సగం అలాగే ఉంది. పొద్దంతా చేలో పనిచేసిన మనిషి ఉత్త గటక తిని వచ్చాడు. "రేపటి సంది బడి బంద్" అన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. నేను బాపమ్మ వైపు చూశాను. మాట ఇచ్చిన మనిషి కదా, ఆవిడ తల వంచుకుంది.

మరునాడు తెలతెలవారుతుండగానే లేచి నేనొక్కదాన్నే వాగుకు పోయాను. చలికి ఇసుక జివ్వుమంటోంది. రెండు చేతులతో చెలిమ తవ్వి, పైన బురద నీళ్లు రెండుసార్లు తోడి పారబోసి, తేట ఊరేదాకా కూర్చున్నాను. ఆ ఊరేంతసేపూ తొమ్మిదో ఎక్కం చదివాను. బడి బంద్ అయిన పిల్లకు ఎక్కం ఎందుకని నాకు తోచలేదు. ఇంటికి వచ్చి పొయ్యి అంటించాను. పప్పు వెన్నలా ఉడికింది. చుక్కకూర వేశాను, మెదిపాను, ఉప్పు నేనే చూశాను. బాపమ్మను అడగనైనా అడగలేదు.

బాపు ఇంకా ఎడ్ల మెడ మీద కాడి వేయలేదు. సద్ది గిన్నె తీసుకుపోయి ఆయన ముందు పెట్టి, మూత తీశాను. పలక చంకలో పెట్టుకుని గుమ్మం పక్కన నిలబడ్డాను. పొమ్మనలేదు కాబట్టి పోను, ఉండమన్నాడు కదా అని లోపలికీ రాను. బాపు పప్పు వైపు చూశాడు, ఇసుక అంటిన నా మోకాళ్ల వైపు చూశాడు. ఒక వేలితో తీసుకుని నోట్లో వేసుకున్నాడు. తరువాత గిన్నెకు గుడ్డ కట్టుకుంటూ, "బడికి యాల్ల అయితలేదా?" అన్నాడు.

నేను పరుగెత్తాను. ఆ రోజు తొమ్మిదో ఎక్కం తడబడకుండా చెప్పాను. సాయంత్రం గిన్నె ఖాళీగా వచ్చింది. బాపు బడి సంగతి ఎత్తలేదు. "రేపు జర ఎక్కువ పెట్టు" అని మాత్రం అన్నాడు. ఆయన ఎప్పుడు గుర్తుకొచ్చినా నాకు మొదట వినిపించేది ఆ మాటే.

సంక్రాంతి దాటాక అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని వచ్చింది. వచ్చిన రోజు తనే వంట చేసింది. బాపమ్మ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుందో లేదో, "ఒక పలుకు ఉప్పు తక్కువైంది కోడలా" అంది. నేను తినడం ఆపి ఆవిడ ముఖంలోకి చూశాను. జ్వరం ఎప్పుడు తగ్గింది, నోరు చేదు ఎప్పుడు పోయింది అని నిలదీశాను. అసలు జ్వరం ఎప్పుడు వచ్చిందని ఆవిడ నన్నే అడిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. నన్ను రెండు నెలలు భయపెట్టి నవ్వుకున్నావా అని అరిచాను. బాపమ్మ మంచి చెయ్యి నా తల మీద పెట్టింది. "నేను జెప్పుకుంట పోతే నీ నాలుకకు ఏం పని ఉంటది బిడ్డా? నేనెన్ని దినాలుంట?" అంది.

ఆ ఏడు చివర మాస్తరు నన్ను నా పాత తరగతికి ఎక్కించాడు. ఆ తరువాత చదివిన చదువంతా మరాఠీలోనే. తెలుగు నా నోట్లో ఉండిపోయింది, కంటికి మాత్రం ఇప్పటికీ కూడబలుక్కుంటేనే వస్తుంది. ఆ బాధ నాకు పోలేదు, పోదు కూడా. కానీ ఏదైనా పని మొదలుపెట్టి అది సరిగ్గా ఉందో లేదో చెప్పేవాళ్లు పక్కన లేనప్పుడల్లా, ఆ పొయ్యి ముందు కళ్లు మూసుకుని నిలబడ్డ పిల్ల నాలో లేస్తుంది. ఒక పలుకు వేస్తుంది, మళ్లీ చూస్తుంది.

ఇప్పుడు మా జిల్లాలోనే ఉన్న దుర్గాపూర్‌లో నా మనవడి క్వార్టర్‌లో ఉంటున్నాను. వాడికి పవర్‌హౌస్‌లో ఉద్యోగం. ఈమధ్య వంట నేర్చుకుంటానని పట్టుబట్టాడు, మొండితనం ఎక్కడికి పోతుంది. కుళాయి నీళ్లు, కుక్కరు, వాగు బాధ లేదు. పప్పు మెదిపి, గరిటె ఊదుకుంటూ నా కుర్చీ దగ్గరకు వస్తాడు, ఉప్పు చూడమని. ఆ వాసనకే నాకు తెలిసిపోతుంది ఎంత సరిపోయిందో. అయినా ముఖం అటు తిప్పుకుంటాను.

"నోరు చేదుగున్నది బిడ్డా, నువ్వే జూసుకో."